బోర్డులో ఏం పోయిందట?

ఈ మధ్య మన వంటిళ్ళలో ఒక కొత్త మంత్రం వినిపిస్తోంది. "బోర్డు పోయిందమ్మా!"

వాషింగ్ మెషీన్ తిరగనని మొరాయిస్తే బోర్డు పోయింది. ఫ్రిజ్ చల్లబడకపోతే బోర్డు పోయింది. ఇక ఓవెన్ వేడెక్కకపోతే చెప్పనే అక్కర్లేదు. వెనకటికి పసివాడికి జ్వరం తగిలినా, గేదె పాలివ్వనని కాలు జాడించినా, చివరికి పెరుగు తోడుకోకపోయినా 'దిష్టి తగిలింది' అని తేల్చేసేవారు. ఇప్పుడా పీట మీదికి బోర్డు వచ్చి కూర్చుంది. దిష్టికైతే గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలతో తీరిపోయేది. బోర్డుకి వేలకి వేలు దిగదుడవాలి.

నేనడిగేది ఒకే ఒక్క ప్రశ్న. బోర్డులో ఏం పోయింది?

ఈ ప్రశ్న వేసిన ఇల్లాలి వంక ఆ వచ్చినవాడు చూసే చూపు మీలో చాలామందికి అనుభవమే. "అవన్నీ మీకు సమజ్ కావు మేడం" అంటాడు. అని, పక్కనున్న మగమనిషి వైపు తిరిగి అసలు సంగతి ఆయనకి విన్నవిస్తాడు. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి ఓవెన్ మీట ఒక్కటి నొక్కి ఎరుగడు. గ్లాసుడు పాలు వెచ్చబెట్టుకోవాలన్నా వంటింట్లోకి కేకవేసే ఘనుడు. అయినా గంభీరంగా తల పంకించి, జేబులోంచి డబ్బు తీస్తాడు. రోగి పక్కన రాత్రింబవళ్ళు కూర్చున్న మనిషిని వదిలేసి, వాకిట్లో పేపరు చదువుకుంటున్నవాణ్ణి పిలిచి రోగలక్షణాలు అడిగే వైద్యుణ్ణి ఎక్కడైనా చూశారా?

అసలీ బోర్డంటే ఏమిటి? నేను చదివింది బి.ఏ. చరిత్ర, తెలుగు తప్ప మరొకటి ఎరగను. కథలూ నవలలూ రాసుకునేదాన్ని. అయినా చెబుతాను, ఇందులో వేదరహస్యమేమీ లేదు. డిగ్రీల మాట వస్తే, మైక్రోవేవ్ ఓవెన్ కనిపెట్టిన అమెరికావాడు పెర్సీ స్పెన్సర్ బడి చదువు మధ్యలోనే ఆపేసినవాడు. రేథియాన్ అనే కంపెనీలో రాడార్ల పని చేస్తూ, 1945లో జేబులోని మిఠాయి మెత్తబడడం గమనించి, ఎందుకు కరిగిందా అని ఆరా తీశాడు. ఆరా తీయడానికి డిగ్రీ అక్కర్లేదని చెప్పడానికి ఆయన చాలడూ?

బోర్డంటే ఓ చిన్న పలక. దానిమీద సన్నటి రాగి గీతలు. ఆ గీతల వెంట చిన్న చిన్న సామాన్లు టంకం పెట్టి అతికించి ఉంటాయి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని తగ్గించి, తనకి సరిపడా మార్చుకునే భాగం ఒకటి. మనం నొక్కిన మీటల్ని బట్టి 'ఇంత వేడి, ఇన్ని నిమిషాలు' అని గుర్తుపెట్టుకునే చిప్పు ఒకటి. ఆ చిప్పు చెప్పగానే దగ్గరపడి, హీటరుకి పెద్ద కరెంటు వదిలే రిలేలు ఒకటో రెండో. ఓవెన్ మొదలుపెట్టగానే లోపల 'టక్' మంటుందే, అది రిలే చప్పుడే. ఇవి కాక, వేరిస్టర్ అని ఒక చిన్న బిళ్ళ. లైనులో కరెంటు ఒక్కసారిగా ఎగదన్నినప్పుడు ఆ పోటుని తనమీద వేసుకుని, ఫ్యూజు కొట్టేసేలా చేసి, అవసరమైతే తానే మాడిపోయి మిగతా కుటుంబాన్ని కాపాడడం దాని ధర్మం. మన ఇళ్ళలో పెద్ద కోడలి లాంటిదన్నమాట! ఆ కోడలు పడిపోయిందని ఇల్లంతా కూలగొట్టి కొత్త ఇల్లు కట్టించుకోమనడమే 'బోర్డు మార్చాలి' అనడం. ఇంట్లో ఒకరికి పన్ను నొప్పి వస్తే కుటుంబాన్నంతా మార్చుకుంటామా?

మా కుల్కచర్లలో మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. మహిళా సంఘంలో అప్పు తీసుకుని, మైక్రోవేవూ కన్వెక్షనూ రెండూ ఉన్న ఓవెన్ కొనుక్కుంది. పుట్టినరోజులకీ, పెళ్ళిరోజులకీ కేకులు చేసి అమ్ముతుంది. నెలనెలా కిస్తు కట్టేది ఆ డబ్బుతోనే. పిల్లవాడి ఫీజు కట్టేదీ ఆ డబ్బుతోనే. అంటే ఆ ఓవెన్ ఆమెకి ముచ్చట కోసం కొన్న వస్తువు కాదు. ఆమె భర్తకి ట్రాక్టరు ఎంతో ఆమెకి ఓవెన్ అంత.

ఆ ఓవెన్ ఒకనాడు మొండికేసింది. లోపల దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, అంకెలు కనబడుతున్నాయి. వేడి మాత్రం లేదు. ఫోను మీద ఫోను చేస్తే నాలుగో రోజుకి హైదరాబాదు నుంచి కంపెనీ కుర్రాడొచ్చాడు. మూత విప్పాడు, తొంగిచూశాడు, మూత బిగించాడు. కరెంటు కొలిచే మీటరు అతని సంచీలోంచి బయటికి రానేలేదు. "బోర్డు పోయిందక్కా. నాలుగు వేల ఎనిమిది వందలైతది. ఈ మోడల్ బోర్డు ఇప్పుడు వస్తలేదు, ఆర్డర్ పెడితే నెల పడ్తది. గదే పైసల మీద ఇంకిన్ని ఏసుకోని కొత్తది తీస్కోరాదు?" అన్నాడు. వచ్చి చూసినందుకు ఐదు వందలు పుచ్చుకుని బండెక్కాడు.

ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి అరుగు మీద కూలబడింది. "అక్కా, ఐతారం నాటికి మూడు కేకులు ఒప్పుకున్న. పదో తారీకు కిస్తు కట్టాలె. ఏం జేద్దును?"

నేను అడిగాను. "ఓవెన్ పెట్టంగనే టక్ మని చప్పుడొస్తున్నదా?"

వస్తున్నదట. "ఒకటా, రెండా?" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. "ఇంతకుముందు రెండొచ్చేటియి అక్కా. పది దినాల సంది ఒకటే వస్తున్నది. ఓసారి పక్కకు చేత్తోటి తడితే వేడెక్కింది గూడ."

విన్నారా! రోగం వివరమంతా ఆ పిల్ల నోటిలోనే ఉంది. ఏ రిలే పలకడం లేదో, ఎప్పటినుంచి పలకడం లేదో, తడితే పలుకుతోంది కాబట్టి ఎక్కడో అతుకు వదిలిందని కూడా అందులోనే ఉంది. ఆ కుర్రాడు ఒక్క మాట అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది. అడగలేదు. కేకులు చేసుకునే ఆడదానికి చెవులుంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఓవెన్‌ని ఆటోలో వేసుకుని పరిగి వెళ్ళాం. అక్కడొక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసిన చేయి. చెప్పిందంతా చెవొగ్గి విన్నాడు. లోపల నిలవున్న కరెంటుని ముందు జాగ్రత్తగా వదిలించాడు. బోర్డు బయటికి తీసి, బూతద్దం పెట్టి వెనకవైపు చూసి, "టంకం ఇడిసిందమ్మా" అన్నాడు. రిలే కాళ్ళ చుట్టూ వెంట్రుకంత పగులు. వేడెక్కడం, చల్లబడడం, మళ్ళీ వేడెక్కడం, ఈ రాకపోకల్లో టంకం పగిలింది. రిలే కూడా కొంచెం కమిలిందని దాన్ని మార్చి, కొత్త టంకం పెట్టాడు. మొత్తం మూడు వందల యాభై రూపాయలు. పాత రిలేని కాగితంలో చుట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆదివారం మూడు కేకులూ వెళ్ళాయి. పదో తారీకు కిస్తు కట్టింది.

ప్రతి బోర్డూ మూడు వందల యాభైకి బాగవుతుందని నేననడం లేదు. చిప్పే కాలిపోతే, తేమకి రాగి గీతలే తినేసుకుపోతే, బోర్డు మార్చక తప్పదు. నా తగవు మార్చడంతో కాదు, చూడకుండా మార్చడంతో. జొన్నరొట్టె ఒకపక్క మాడిందనుకోండి. మనమేం చేస్తాం? మంట ఎక్కువైందేమో చూస్తాం. పిండిలో నీళ్ళు తక్కువయ్యాయేమో చూస్తాం. పెనం ఒకవైపు పలచబడిందేమో చూస్తాం. అంతేగాని రొట్టె మాడగానే పొయ్యి తీసి పారేసి కొత్త పొయ్యి కొనుక్కురాం. చదువురాని అవ్వ కూడా చేసే ఈ పని, కంపెనీ యూనిఫారం వేసుకున్నవాడు ఎందుకు చేయడు?

పైగా, నిందపడిన ప్రతిసారీ దోషి బోర్డు కానే కాదు. అది తెలుసుకోవడానికి మనం మూత విప్పనవసరం లేదు. కళ్ళూ చెవులూ చాలు.

ఓవెన్ బొత్తిగా ఉలకదు పలకదు అనుకోండి. దాన్ని తిట్టేముందు ఆ ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. కొన్ని రోగాలు ఓవెన్‌లో ఉండవు, గోడలో ఉంటాయి. అంకెలు వెలుగుతూ, మొదలు మాత్రం కాకపోతే, పిల్లల కోసం పెట్టే తాళం పడిందేమో చూడండి. తర్వాత తలుపుని అనుమానించండి. మైక్రోవేవ్ తలుపు సరిగ్గా పడితే తప్ప పనిచేయకుండా, గడియ వెనక చిన్న చిన్న స్విచ్చులుంటాయి. తలుపుని ధడాలున వేసీ వేసీ అవి అరిగిపోతాయి. ఆ స్విచ్చు మార్చడం చిన్న పని. కానీ దాన్ని కూడా బోర్డు ఖాతాలో రాసేవాళ్ళున్నారు. కొన్ని మీటలు పనిచేసి కొన్ని చేయకపోతే, మీటల వెనకుండే పలచటి పొర చెడి ఉండొచ్చు. పళ్ళెం తిరుగుతూ, దీపం వెలుగుతూ, పాలు మాత్రం చల్లగానే ఉంటే, మాగ్నెట్రాన్‌నీ, దానికి పెద్ద కరెంటు అందించే భాగాల్నీ కూడా చూడాలి. 'ఇ' అనో 'ఎఫ్' అనో అక్షరం పక్కన అంకె కనబడితే, వెంటనే క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఆ అంకెకి ఒక అర్థముంటుంది. వేడిని కొలిచే సెన్సరు చెడినా అలాంటి అంకె రావచ్చు.

మరో సంగతి. బొద్దింకలకీ బల్లులకీ వెచ్చదనమంటే మహా ఇష్టం. రాత్రిళ్ళు వెనక చిల్లుల్లోంచి దూరి బోర్డు మీద కాపురం పెడతాయి. వాటి మలినంతో తేమ కలిస్తే, కరెంటు పోకూడని దారిన పోతుంది. బోర్డుని శుభ్రం చేస్తే తీరిపోయే జబ్బుకి కూడా బోర్డు మార్పే వైద్యమంటే, తల్లో పేలు పడ్డాయని తల తీయించుకోవడమే.

ఇక్కడొక హెచ్చరిక చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ మూత మనం విప్పకూడదు. అందులో వేలల్లో వోల్టులు నడుస్తాయి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా దాని పెద్ద కెపాసిటరు కరెంటుని కడుపులో దాచుకుని ఉంటుంది. చేయి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మరమ్మతు చేతులు తిరిగినవాడి పని. ఏం జరిగిందో గమనించి చెప్పడం, ఏం చేశావని నిలదీయడం మన పని.

"ఇళ్ళల్లోకి కరెంటు ఎలా వస్తుందో మీకు తెలియదా? బోర్డులు కాలవా?" అంటారు కంపెనీవాళ్ళు. తెలుసు. గాలివాన వస్తే పోతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎగిరి దూకుతుంది. అందుకే కరెంటు పోగానే ప్లగ్గు తీసేసి, వచ్చి కుదుటపడ్డాక పెట్టడం మంచిది. కానీ అయ్యలారా! ఇక్కడి కరెంటు సంగతి తెలిసే కదా ఇక్కడ అమ్ముతున్నారు? అమ్మేటప్పుడు కుల్కచర్ల మీకు కనబడుతుంది. బాగుచేయవలసి వచ్చేసరికి హైదరాబాదు దాటి చూపు ఆనదా?

ఆ వచ్చిన కుర్రాణ్ణి మాత్రం నేను తిట్టను. అతనికి బోర్డు మార్చడమే నేర్పారు. టంకం పెట్టడం నేర్పలేదు. బోర్డు మీద ఏది ఎక్కడుందో చూపించే పటం అతనికివ్వలేదు. రిలే విడిగా ఇవ్వరు, ఇస్తే బోర్డే ఇస్తారు. అది కూడా 'ఆ మోడల్ రావడం లేదు' అనే తాళం వేసి. చిత్రమేమిటంటే, ఆ రిలే మీద దాని నంబరు చక్కగా అచ్చువేసే ఉంటుంది. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి విడి సామాన్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. సామాను లేక కాదు, మనసు లేక.

పల్లెటూళ్ళలో మరమ్మతు కుదరదంటారా? చరిత్ర చదివినదాన్ని, ఒక ముక్క గుర్తుచేస్తాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో 'సైట్' అనే పేరుతో ఒక ప్రయోగం జరిగింది. ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీవీ పెట్టెల్ని తయారుచేసింది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. అంతవరకు టీవీ అంటే ఏమిటో ఎరగని ఊళ్ళవి. అయినా పెట్టె పంపి చేతులు దులుపుకోలేదు. పాడైతే ఎవరు వెళ్ళాలి, ఎక్కడినుంచి వెళ్ళాలి అనే మరమ్మతు ఏర్పాటు ఆ పథకంలోనే భాగంగా ఉంది. యాభై ఏళ్ళ కిందట పల్లె రచ్చబండ దగ్గరి టీవీకి దక్కిన మర్యాద, ఇవాళ డబ్బు పోసి కొనుక్కున్న మన ఓవెన్‌కి దక్కదా?

పరాయి దేశాల సంగతి చూడండి. యూరప్ దేశాల కూటమి 2021 మార్చి నుంచి ఒక నిబంధన అమలులో పెట్టింది. బట్టలుతికే యంత్రాల విడిభాగాల్ని, ఆ మోడల్ చివరి యంత్రం మార్కెట్లోకి వచ్చాక కూడా కనీసం 10 ఏళ్ళపాటు ఇవ్వాలి. మరమ్మతు చేసేవాళ్ళకి బోర్డులతో సహా ఇవ్వాలి. అడిగిన 15 పనిదినాల్లో పంపాలి. ఆ నిబంధన ఓవెన్ల కోసం రాసింది కాదు, నిజమే. కానీ బోర్డు ఎక్కడైనా బోర్డే. చాకిరేవు యంత్రానికి చెల్లే న్యాయం వంటింటి యంత్రానికి చెల్లదా?

మన ప్రభుత్వం కూడా నిద్రపోలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పనిముట్లతో పాటు ఇంటి యంత్రాల్ని కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినాన, మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచారు. సంతోషమే. కానీ పోర్టల్ చట్టం కాదు. చిరునామా చెబుతుంది గాని, ఆ చిరునామాలో ఉన్నవాడి మెడలు వంచదు. కంపెనీ విడిభాగాలు ఇన్నేళ్ళు ఇచ్చి తీరాలి, బోర్డు పటం బయటి మెకానిక్కులకి కూడా ఇచ్చి తీరాలి అని చట్టంలో రాయాలి. మనం అడగవలసింది అది.

అంతవరకు చేతిలో ఉన్నదాన్ని వాడుకుందాం. 2020 జూలై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, డబ్బు పుచ్చుకుని సరిగ్గా చేయని పనికి 'సేవాలోపం' అని పేరుంది. దానిమీద ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఉన్న నగరానికి పరుగెత్తనక్కర్లేదు. మీరు కాపురమున్న చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్ళు. వస్తువుకి చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దానికంటే ముందు 1915 అనే నంబరుకి ఫోను చేయవచ్చు.

"ఓవెన్ కోసం ఇంత రాద్ధాంతమా?" అని మీ ఇంట్లో ఎవరైనా అంటారు. అననివ్వండి. అదే మనిషి మోటారు సైకిలు బాగుచేయించేటప్పుడు చూడండి. మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఏ నట్టు విప్పాడు, ఏ వైరు మార్చాడు, పాతది చూపించు, దీనికింతా అని గీచిగీచి అడుగుతాడు. అది రాద్ధాంతం కాదు, తెలివి! వంటింటి యంత్రం దగ్గర ఆడది అదే అడిగితే రాద్ధాంతమూ, అధిక ప్రసంగమూనా? ఆ యంత్రంతో మనం పొదుపు చేస్తున్నాం, కొందరం సంపాదిస్తున్నాం కూడా. దాని ఆయుష్షు మన లెక్కలో ఉండాలి.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా! ఈసారి "బోర్డు పోయిందమ్మా" అనే మాట వినగానే మూడే మూడు అడగండి. బోర్డులో ఏ భాగం పోయింది? అది పోయిందని దేనితో కొలిచి తేల్చావు? మార్చిన పాత బోర్డుని నాకిచ్చి, ఈ మాట రసీదు మీద రాసి సంతకం పెడతావా? చెప్పగలిగినవాడు చెబుతాడు. అతనికి మంచినీళ్ళిచ్చి, అడిగినంతా ఇచ్చి పంపండి. చెప్పలేనివాడికి కూడా మంచినీళ్ళివ్వండి, ఎండన పడి వచ్చాడు పాపం. డబ్బు మాత్రం ఇవ్వకండి. మూత బిగించి, ఓవెన్‌ని ఎక్కడినుంచి జరిపాడో అక్కడ పెట్టి వెళ్ళమనండి. తర్వాత మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో టంకం పెట్టడం తెలిసిన చేయి ఇంకా మిగిలి ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ చేతికి పని చెప్పండి. మనం పని చెప్పకపోతే ఆ చేతులు కూడా మిగలవు.